పిడుగు కాల్లో కడ్డీ

కరెంటు స్తంభాలెక్కే ఆ మనిషిని ఇంట్లోనూ ఆఫీసులోనూ అందరూ పిడుగనే పిలిచేవారు. ఆమె పైకి పాకుతుంటే కింద చూసేవాళ్ల మెడలు పట్టేసేవి గాని, ఆమె కాలు వణికేది కాదు. అంత మనిషీ స్తంభం మీంచి పడలేదు. లారీలోంచి దించుతున్న సిమెంటు స్తంభమే తాడు తెగి, దొర్లుకొచ్చి కుడికాలి మీద పడింది. మోకాలి కింద ఎముక విరిగి, చర్మం చీల్చుకుని బయటికొచ్చింది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ ఏదీ దాచలేదు.

"గాయంలో మట్టి చేరింది. ముందు బాగా కడిగి, చచ్చిన కండ తీసేస్తాం. తర్వాత ఎముక లోపల కడ్డీ దించి, పైనా కిందా స్క్రూలు బిగిస్తాం. చీము పట్టిందో, కాలు దక్కుతుందని మాటివ్వలేను."

"ఒంట్లో ఇనుమేంటమ్మా!" అత్తగారు గోడకు జారగిలబడింది. "ఎవరిచేతైనా కట్టు కట్టిద్దాం."

"ఎముక బయటికొచ్చి చూస్తుంటే కట్టేంటత్తయ్యా?" పిడుగు పళ్లు బిగబట్టింది. "దించండి డాక్టరుగారూ."

కడ్డీ దిగింది. కానీ భయపడ్డంతా అయింది. గాయం రసి కారింది, జ్వరం పట్టుకుంది. మళ్లీ మళ్లీ థియేటరుకు తీసుకెళ్లి కడిగారు. ప్రతిసారీ ఆమె మొగుడు వరండాలో కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. చివరికి మంచం పక్కన కూలబడ్డాడు.

"తీయించేద్దామే ఆ కాలు. నీ బాధ చూడలేకపోతున్నా."

"చూడలేకపోతే అటు తిరుగు."

"నువ్వు పట్టిన కుందేలుకు మూడే కాళ్లు!"

"కుందేలుకెన్నుంటే నాకెందుకు? నాకు రెండుండాలి."

అతను నవ్వబోయి ఏడ్చేశాడు. ఆమె మాత్రం ఏడవలేదు. మందులు మార్చాక జ్వరం దిగింది. తొడ మీది చర్మం తీసి గాయానికి అతికారు. వాకరు పట్టుకుని మొదటి అడుగు వేసినప్పుడు వార్డంతా వినిపించేలా ఆ స్తంభాన్ని తిట్టింది.

ఎముక తాపీగా అతికింది. ఆఫీసుకెళ్తే అధికారి కుర్చీ చూపించాడు.

"ఇకమీదట ఫిర్యాదుల ఫోను చూసుకోండి. స్తంభాలు మీకొద్దు."

"డాక్టరమ్మ ఎక్కొచ్చంది సార్."

"నేనొద్దంటున్నాను."

"మీ ఇద్దరిలో నా ఎముక చూసిందెవరు?"

అధికారి వెంటనే ఒప్పుకోలేదు. పరీక్షగా యార్డులో తీగల్లేని స్తంభం ఎక్కి చూపమన్నాడు. ఆమె నడుముకు బెల్టు బిగించింది. చీలమండ మునుపటిలా వంగలేదు. అందుకే ప్రతి మెట్టుకూ ఎడమకాలు ముందేసి, కుడికాలిని వెనకాలే లాక్కుంది. సగంలో మోకాలు సూదులతో పొడిచినట్టయింది. ఆగింది.

"చాల్లే అక్కా, దిగిరా," కింద నుంచి తోటి లైన్‌మన్ అరిచాడు.

"దిగడానికైతే ఎక్కడమెందుకురా?"

ఎక్కింది. పైన కొక్కెం తగిలించుకుని, వదులుగా ఉన్న బోల్టొకటి కనబడితే బిగించి మరీ దిగింది.

ఇప్పటికీ సాయంత్రమయ్యేసరికి కాస్త కుంటుతుంది. ఎవరైనా అయ్యోపాపం అంటే, "నీతోపాటే నడుస్తున్నా కదా, ముందు చూసి నడు," అంటుంది.