కందపువ్వు చల్లారిన పొద్దు

ఒకప్పుడు మా వీధి చివర అద్దెకున్న కాలేజీ మాస్టారు మొన్న నిద్రలోనే పోయారు. గజపతినగరంలో బస్సు దిగి వచ్చిన మా మరిది చెప్పాడు. ఏడుపు రావడానికి ముందు నాకు హమ్మయ్య అనిపించింది. ఉబ్బసంతో ఏళ్ళ తరబడి గోడకి చేరగిలబడి కునుకు తీసిన మనిషి, ఆఖరికి ఆయాసం లేకుండా వెళ్ళారు. ఇలా అన్నందుకు ఎవరేమనుకున్నా సరే.

ఆయన విజయనగరంలో వృక్షశాస్త్రం చెప్పేవారు. మొక్కల ఊపిరే ఆయన లోకం. మేం చింతపండు పిక్క తీస్తుంటే ఆ పిక్కలే వరసగా పేర్చి పాఠం మొదలెట్టేవారు.

"కణంలో మైటోకాండ్రియా అని ఉంటాదమ్మా. దాని పొరలో ప్రోటీన్ గుంపులుంటాయి. నాట్లప్పుడు నారుకట్టలు సేతులు మారినట్టు, ఎలక్ట్రాన్లు ఒకదాన్నించి ఒకదానికి అందించుకుంటాయి. ఎద్దు గుండెలోవి ఇడదీసి సూసారు. మొక్కలోవి ఏ రూపున ఉన్నాయో ఇంకా తేల్లేదు."

తేలలేదని చెప్పేటప్పుడే ఆయన మొహం వెలిగిపోయేది. నాకు సగమే అర్థమయ్యేది గానీ, వినబుద్ధేసేది.

నేను కొత్తకోడలిగా వచ్చిన వేసవిలో, శృంగవరపుకోట దగ్గర మా పుట్టింటి నుంచి కందదుంప తెచ్చి పెరట్లో నాటాను. అది పూసింది. ఒకటే కుళ్ళు కంపు. సాయంత్రం మా అత్త ముట్టుకుంటే పువ్వు ఒళ్ళు కాలినట్టు వెచ్చగా ఉంది. ఊళ్ళో అమ్మవారు పోస్తున్న రోజులు. ఆవిడ దాని చుట్టూ వేపమండలు గుచ్చి, పసుపునీళ్ళు చల్లింది.

"అమ్మోరు దీన్లో కూకున్నాది. తెచ్చినదాన్ని రేపే పుట్టింటికి పంపీయాల" అంది.

మా ఆయన అటక మీంచి నా ట్రంకుపెట్టె దించారు. తల్లి మాట ఎప్పుడు కాదన్నారు గనక?

సంగతి విని మాస్టారు రొప్పుకుంటూ వచ్చి పువ్వు మీద చెయ్యి వేసి, అక్కని పిలిచినట్టు అత్తని పిలిచారు.

"అప్పా, ఇది జ్వరం కాదు, దీని ఊపిరే. ఎలక్ట్రాన్లు సివరి ప్రోటీన్ గుంపుని దాటేసి అడ్డదారిన పోతాయి. సత్తువంతా వేడయిపోతాది. పొద్దుటికి సల్లారతాది. సల్లారకపోతే అమ్మడిని నేనే బస్సెక్కిస్తాను."

"మీరు సదువుకున్నారు మాస్టారూ, అమ్మోరు సదువుకోలేదు" అంది అత్త.

ఆ రాత్రి తను కన్ను మూయలేదని మాస్టారు చాన్నాళ్ళకి నాతో చెప్పారు. "పుస్తకంలో ఉన్నది సీమదేశపు మొక్క. మన కంద అలాగే సేస్తాదని నాకేటి తెల్సు? ఊపిరి ఒక్క దారినే నమ్ముకోదమ్మా, అదొక్కటే నా ధైర్యం."

తెల్లారేసరికి నా ట్రంకుపెట్టె వీధరుగు మీద ఉంది. మాస్టారూ నేనూ పెరటి గుమ్మంలో నిలబడ్డాం. అత్త పువ్వుకి అరచెయ్యి ఆనించింది. నమ్మకం కుదరక, పిల్లల నుదురు చూసినట్టు చెయ్యి తిప్పి ఆనించింది. వేపమండలు ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టింది. వీధిలోకి వెళ్ళి, ట్రంకుపెట్టె తనే ఎత్తుకుని లోపలికి వచ్చింది.

"ఒసే, అలా నిలబడిపోనావేటి? మాస్టారికి సోడి అంబలి ఇయ్యి."

మాస్టారు ద్వారబంధం పట్టుకుని ఊపిరి వదిలారు. అంత పొడుగు ఊపిరి ఆయన దగ్గర అంతకు ముందూ వినలేదు, ఆ తర్వాతా వినలేదు.