ఫక్రుద్దీన్ ఒంటిపని చీటీలు

ఫక్రుద్దీన్ ఒక చీటీ మీద రెండు పనులు రాయడు. మెడ మీద కత్తి పెట్టినా రాయడు. నల్లగొండకు జావా అనే కంప్యూటరు పాఠం కొత్తగా వచ్చిన రోజుల్లో, అది చెప్పే సారు అతనే.

భర్త పోయాక పెళ్లికాని ఈ తమ్ముడి ఇంటికి చేరిన షరీఫున్నీసా మొదట్లో చీకటితోనే లేచి నీళ్లు పట్టేది, పాలు తెచ్చేది, వాకిలి ఊడ్చేది. చేతులు ఆగితే ఆయన గుర్తొస్తాడని భయం. ఇప్పుడు ఆమె లేచేసరికే అన్నీ అయిపోయి ఉంటున్నాయి. తమ్ముడు గుమ్మానికి చీటీలు వేలాడదీస్తాడు, అంతే.

"గిదేం మాయరా?" అంది అక్క.

"జావాల దీన్ని ఇంటర్‌ఫేస్ అంటరు ఆపా! చీటీల ఒక్కటే పని ఉంటది. 'పాలు తెచ్చుడు.' ఎవరు తెస్తరో, ఎట్ల తెస్తరో చీటీకి ఫికర్ లేదు."

"తెచ్చి కాచుడు అని రాయరాదు?"

ఫక్రుద్దీన్ చెవులు మూసుకున్నాడు. "రెండు పనులా! తౌబా, తౌబా!"

ఒకరోజు గొర్లు, మేకలు కాసే ఐలేశం మేకపాలు తెచ్చాడు. పక్కింటి గుర్వమ్మ బర్రెపాలు తెచ్చింది. శిష్యుడొకడు పాలపొడి డబ్బా పట్టుకొచ్చాడు. "చూసినవా ఆపా! మాట ఒక్కటే, తీర్లు మూడు!" అని సారు గంతులేశాడు. రెండు రోజులు ఇంట్లో సేమియా పాయసమే తిండి.

కాగితం ముక్క పిలిస్తే మనుషులు కదిలొచ్చే ఆ విద్యకు, బడి మొహం ఎరగని షరీఫున్నీసా నోరు తెరిచేది. లోపల మాత్రం గుబులు. పని లేని మనిషిని ఏ ఇల్లు ఎన్నాళ్లు ఉంచుకుంటుంది?

"ఆత్మకూరు పోతున్న, మా అత్తగారింటికి," అంది ఒకనాడు గుర్వమ్మతో. "వాడు నాకీడ జాగా లేకుంట చేసిండు."

గుర్వమ్మ పగలబడి నవ్వింది. "నీ పిచ్చి పాడుగాను షరీఫమ్మా! చీటీ చూసి వచ్చినమా మేము? నాకు, ఐలేశానికి చదువే రాకపాయె! సారు ఇల్లిల్లు తిరిగి బతిమాలిండు. 'మా ఆపా కంటికి ఏడాది సంది కునుకు లేదు, ఇప్పుడిప్పుడే తెల్లారగట్ల జర నిద్ర పడుతాంది, లేవకముందే చేసిపెట్టుండ్రి' అన్నడు."

అంత పెద్ద చదువు చదివినవాడు ఇన్ని గడపల ముందు తల వంచాడా అనుకుంది షరీఫున్నీసా.

ఆమె ఆత్మకూరు బస్సెక్కలేదు. ఆ సాయంత్రం ఉన్నట్టుండి చినుకులు పడ్డాయి. దండెం మీద బట్టలన్నీ ఉన్నాయి. చీటీ రాయడానికి ఫక్రుద్దీన్ పెన్ను కోసం ఇల్లంతా వెతుకుతున్నాడు.

"తడుస్తున్నయి ఆపా!"

"తడవనియ్‌రా," అంది షరీఫున్నీసా, కాళ్లు చాపుకుని గోడకు ఆనుకుంటూ.