ఆర్కిటిక్ హోటల్లో రెండో మంచం

2023 మార్చి. కెనడాలోని సర్రీలో ఒక స్వీట్ షాపు మేడమీద నా ట్రావెల్ ఆఫీసు. ముప్ఫై ఏళ్ళుగా జనానికి టికెట్లూ రూములూ బుక్ చేస్తున్నాను. ఉత్తర ధ్రువం నుంచి దక్షిణ ధ్రువం దాకా నేను మనిషికి పడక చూపించని చోటు లేదు. సరే, దక్షిణ ధ్రువం తీసేయండి. ఉత్తరం వైపు కూడా నేను స్వయంగా చూసింది మా రాష్ట్రంలోనే ఉన్న ప్రిన్స్ జార్జ్ ఊరి వరకే. అదైనా ఒక పెళ్ళికి వెళ్ళి, మంచులో ఇరుక్కుపోయి చూసింది. ఆ మాట హారికకి ముందే చెప్పి ఉంటే ఇప్పుడిది రాయాల్సిన పని ఉండేది కాదు.

హారిక మా వీధి చివర డెంటల్ క్లినిక్‌లో పనిచేసే వరంగల్ అమ్మాయి. భర్త సందీప్‌ది ఒంగోలు. మెకానికల్ ఇంజనీరింగ్ చదివి, ఇక్కడ మూడేళ్ళు కనిపించిన ప్రతి ఉద్యోగానికీ అప్లై చేసి, గోడౌన్‌లో పెట్టెలు మోసి, చివరికి ఫర్నేస్ పని నేర్చుకుని ఆర్కిటిక్‌లో ఒక ఊరికి వెళ్ళాడు. ఫర్నేస్ అంటే ఇల్లంతా వెచ్చగా ఉంచే ఆయిల్ యంత్రం. అక్కడ అది ఆగితే కొంతసేపటికే ఇంట్లో నీళ్ళ పైపులు గడ్డకడతాయి. ఆ ఊరికి రోడ్డు లేదు. యెల్లోనైఫ్ దాకా వెళ్ళి ఇంకో విమానం ఎక్కాలి. ఊరి పేరు రాయను. హోటళ్ళు రెండే కాబట్టి ఎవరిని తిట్టుకుంటున్నానో తెలిసిపోతుంది.

కంపెనీ సందీప్‌ని పర్మనెంట్ చేస్తానంది, ఇల్లు కూడా ఇస్తానంది. నెలాఖరులోగా సంతకం పెట్టాలి. హారిక పది రోజులు లీవు పెట్టి చూడటానికి వెళ్తోంది. ఉండగలననిపిస్తే ఇద్దరూ అక్కడే కాపురం, లేదంటే అతను వచ్చేసి మళ్ళీ పెట్టెలు మోయడం. అప్పటికి అతను ఉంటున్నది నలుగురు మగవాళ్ళ క్వార్టర్స్, బయటివాళ్ళని రానివ్వరు. అందుకని రూము కావాలి. సందీప్ నాకు ఫోన్ చేసి ఒకటే మాట చెప్పాడు.

"అంకుల్, తను ఊరు చూడదు. రూము చూస్తుంది. రూము చూసే డిసైడ్ చేస్తుంది. నా బతుకు మీ చేతిలో ఉంది."

ఇక హారిక. నాలుగుసార్లు మెట్లెక్కి వచ్చింది, నోట్‌బుక్‌తో. ఎయిర్‌పోర్ట్ దగ్గరి హోటల్లో మైక్రోవేవ్ లేదు. ఊరి మధ్య హోటల్లో ఉందిగానీ, ఫోటోల్లో ఒకే మంచాన్ని నాలుగు వైపుల నుంచి తీశారు. రివ్యూలు మూడే, అందులో ఒకటి సూప్ గురించి. కార్పెట్ ఉందా, హీటర్ చప్పుడు చేస్తుందా, గదిలో కరివేపాకు పోపు వేస్తే అలారం మోగుతుందా. కిటికీలోంచి సముద్రం కనిపిస్తుందా అని మూడోసారి అడిగింది. సముద్రం గడ్డకట్టి తెల్లగా ఉంటుందమ్మా, వీధీ తెల్లగానే ఉంటుంది, ఏ కిటికీ తీసుకున్నా ఒకటే అన్నాను. అయితే ఏ కిటికీ మంచిదంటారు అంకుల్ అంది.

నాకు ఓపిక అయిపోయింది. "ఊరి మధ్య హోటల్ తీసుకో తల్లీ. నేను పడుకున్న మంచమే అది. వెన్నలా ఉంటుంది," అన్నాను.

ఆ అమ్మాయి నోట్‌బుక్ మూసేసింది. ఆ నాలుగు రాకల్లో మొదటిసారి నవ్వింది. అప్పుడైనా నేను నోరు విప్పి ఉండాల్సింది. విప్పకపోగా ఇంకో తెలివి కూడా చూపించాను. బుకింగ్ ఒక్కరికే చేశాను, రెండో మనిషి మెల్లగా లోపలికి వచ్చేస్తాడులే అని. మనవాళ్ళకి ఇది కొత్త విద్య కాదు. నయాగరాలో ఇద్దరికని తీసుకున్న రూములోకి ఎనిమిది మందీ ఒక రైస్ కుక్కరూ పక్క తలుపులోంచి వెళ్ళిన చరిత్ర మనది. అందులో కొన్ని బృందాలకి తలుపు చూపించింది నేనే.

వాళ్ళు పంపిన కన్ఫర్మేషన్‌లో షేర్డ్ ఆక్యుపెన్సీ అని ఒక పేరా ఉంది. నేను చదవలేదు. ఆ మాటకి అక్కడి అర్థం ఇది: గదులు తక్కువ, వచ్చేవాళ్ళు ఎక్కువ, కాబట్టి హోటల్ వాళ్ళు అమ్మేది గది కాదు, మంచం. రెండో మంచం ఖాళీగా ఉంటే దాంట్లో ఇంకొకరిని పడుకోబెడతారు. ఆడవాళ్ళ గదిలో ఆడవాళ్ళని, అంతవరకు మర్యాదే.

దిగిన రోజు మధ్యాహ్నం హారిక నుంచి నాకు ఫోన్. సందీప్ ఎయిర్‌పోర్ట్ నుంచి ఆమెని తీసుకొచ్చి, రెండు సూట్‌కేసులు మోస్తూ, తలుపు తీశాడట. లోపల రెండో మంచం మీద అక్కడి మూలవాసులైన ఇన్యూట్ ప్రజల్లో ఒక డెబ్భై ఏళ్ళ పెద్దావిడ కూర్చుని చేతితొడుగులు కుడుతోంది. వేరే ఊరి నుంచి పళ్ళ డాక్టరు కోసం వచ్చిందట, పేరు మేరీ. రండి, తలుపు వెయ్యండి, చలి అందట.

నేను వెంటనే హోటల్‌కి ఫోన్ చేసి అరిచాను. నా ముప్ఫై ఏళ్ళ అనుభవం చెప్పాను, కోర్టు పేరు కూడా ఎత్తాను. కౌంటర్లో ఉన్నతను అంతా విని, "మీరు ఒక మంచం తీసుకున్నారు సార్, ఒక మంచం ఇచ్చాం," అన్నాడు. రెండో హోటల్‌కి చేశాను. హారిక దిగాక వాతావరణం పాడై తిరుగు విమానం ఆగిపోయి, అక్కడ సోఫాల మీద కూడా మనుషులున్నారు. తిరిగి హారికకి చేసి హోటల్ వాళ్ళని ఒక పావుగంట తిట్టాను. ఆమె మధ్యలో ఆపింది.

"అంకుల్, మీరు పడుకున్నది ఏ మంచం? నాదా, ఆవిడదా?"

"ఏదీ కాదమ్మా. నేనక్కడికి ఎప్పుడూ రాలేదు."

ఆమె ఫోన్ సందీప్‌కి ఇచ్చింది. అతను, ఉంటానంకుల్ అని పెట్టేశాడు. తిట్టినా బాగుండేది.

తర్వాత జరిగింది హారిక తిరిగొచ్చాక చెప్పింది. ఆ అమ్మాయి కోటు విప్పకుండా మంచం అంచున కూర్చుని ఏడ్చేసిందట. మేరీ గారు కుట్టడం ఆపి, ఈ అబ్బాయి ఏం చేస్తాడని అడిగింది. ఫర్నేస్ రిపేర్ అనగానే ఆ ఊళ్ళోనే ఉన్న తమ్ముడికి ఫోన్ చేసింది. జనవరిలో మంచుతుఫానులో ఆయన ఇంటి ఫర్నేస్ బాగుచేసింది సందీపేనట. అరగంటలో ఆయన మంచు మీద నడిచే స్నోమొబైల్ బండి మీద వచ్చి సూట్‌కేసులు పట్టుకున్నాడు. తన ఇంట్లో పిల్లల గది ఖాళీ చేయించి వీళ్ళకి ఇచ్చాడు.

ఆ గదికి కిటికీయే లేదు. మొదటిరోజే హారిక బియ్యం నాలుగుసార్లు కడిగి, బకెట్ పెట్టుకుని తలస్నానం చేసి, ఇంట్లో ట్యాంకు ఖాళీ చేసింది. అక్కడ నీళ్ళు లారీలో వస్తాయి, మళ్ళీ వచ్చేది ఎల్లుండి. ఇంటివాళ్ళు నవ్వి, ఐసు తెచ్చి కరిగించుకున్నారు. పిల్లలు మాత్రం ఆమె చెయ్యి కడుక్కున్నప్పుడల్లా పక్కన నిలబడి అంకెలు లెక్కపెట్టేవాళ్ళట.

ఏప్రిల్ మొదటి వారంలో మళ్ళీ మెట్లెక్కి వచ్చింది. క్షమాపణ చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టింది. సందీప్ సంతకం పెట్టాడని, తనకి వన్‌వే టికెట్ కావాలని అంది. అంత నచ్చిందా అని అడిగాను.

"ఊరు నచ్చలేదంకుల్. చలికి ముక్కు ఊడిపోతుందేమో అనిపించింది. కానీ మేం అన్నం తినేలోపు మా ఆయన కోసం ముగ్గురు తలుపు కొట్టేవాళ్ళు. ఒకామె చేప ఇచ్చి పోయింది, ఒకాయన ఊరికే పలకరించి పోయాడు. ఇక్కడ మూడేళ్ళల్ల ఆయన కోసం ఎవ్వరూ మా తలుపు కొట్టలే." టికెట్ కోసం బ్యాగులోంచి కార్డు తీస్తూ, "హోటల్‌ల ఉంటే నాకిది తెలుస్తుండెనా," అంది.

దాన్ని పట్టుకుని, చూశావా, నా బుకింగ్ వల్లే అనబోయాను. అలవాటు. ఆ అమ్మాయి చూసిన చూపుకి నోరు మూసుకుని టికెట్ తీశాను.

ఇప్పుడు ఎక్కడ ఉంటే బాగుంటుందని ఎవరైనా అడిగితే, ఆ ఊరు నేను చూడలేదని ముందే చెప్తాను. కొంతమంది లేచి వెళ్ళిపోతారు, పోనీ. కూర్చున్నవాళ్ళని మాత్రం, అక్కడ మీ మనిషి రోజంతా ఎవరి మధ్య తిరుగుతాడో వాళ్ళలో ఒకరి ఫోన్ నంబరు తెమ్మంటాను. రూము ఆ తర్వాతే చూస్తాను, వాళ్ళని అడిగి.