కంకర బాట మీద వేసిన నింద

ఆ రోజు పాకాల చెరువు కట్ట దిగి, అడవిలోకి మళ్లే మొరం కంకర బాట మీద సైకిలు తొక్కుతున్నాను. ముందు చక్రం ఒక రాయి ఎక్కి దిగింది. రోజుకు వందసార్లు జరిగేదే. కానీ ఆ కుదుపుకు వీపు మధ్యలో ఎవరో మేకు దిగ్గొట్టినట్టయింది. ఒక కాలు నేల మీద ఆనించి, హ్యాండిలు గట్టిగా పట్టుకుని నిలబడ్డాను. ఊపిరి పీల్చుకున్నా నొప్పే. కాసేపటికి తగ్గింది. మళ్లీ ఎక్కి తొక్కుకుంటూ పోయాను. అప్పుడు నాకు ముప్పై ఒకటో ఏడు.

నేను నర్సును. డెబ్బైల్లో నర్సంపేట దగ్గర ఒక చిన్న మిషన్ దవాఖానలో పనిచేసేదాన్ని. చెరువు చుట్టుపక్కల ఊళ్లకు, తండాలకు అప్పట్లో బస్సు లేదు. టీబీ ఉన్నవాళ్లకు వారానికి రెండుసార్లు స్ట్రెప్టోమైసిన్ సూది వేయాలి. సైకిలు వెనక డబ్బాలో గాజు సిరంజీలు, మందు సీసాలు పెట్టుకుని వారంలో ఆరు రోజులూ తిరిగేదాన్ని.

నాకు మూడు బాటలుండేవి. కట్ట మీది బాట గట్టిగా, చదునుగా ఉండేది కానీ చెరువు మీది గాలి మనిషిని పక్కకు తోసేది. అడవి బాటలో టేకు ఆకుల కింద రాళ్లు కనబడేవి కావు. రెండు చోట్ల సైకిలు భుజానికెత్తుకుని వాగు దాటాలి. మూడోది చెరువు వెనక బాట. అక్కడ నీళ్లు గుట్టల సందుల్లోకి వేళ్లలా చొచ్చుకుపోయి ఉంటాయి. ఒక్కో పాయను చుట్టుకుంటూ పోవాలి. ఒక మలుపులో నీళ్లు, ఇంకో మలుపులో అడవి. అన్నిటికంటే దూరం అదే. నాకు ఇష్టమైనదీ అదే.

నొప్పి మళ్లీ మళ్లీ వచ్చింది. మా ఆయన దేవదానం బడి పంతులు. సైకిలు సీటు ఒత్తి చూసి, "ఆ రాళ్ల బాట మీద ఎగిరెగిరి నడుం పట్టుకున్నది. సీటు మారుద్దాం" అన్నాడు. స్ప్రింగుల సీటు వేయించాడు. దాని మీద గోనెసంచి మడతపెట్టి కట్టాను. సాయంత్రం ఒళ్లు వెచ్చబడేది. ఎండ అనుకున్నాను. జాకెట్లు వదులయ్యాయి. తిరుగుడు ఎక్కువైంది అనుకున్నాను. సాయంత్రం జ్వరం వస్తుందా, ఆకలి ఉందా, చిక్కిపోయావా అని గుడిసె గుడిసెకూ వెళ్లి అడిగేదాన్ని. నన్ను నేను అడగలేదు. దగ్గు లేదు కదా అన్న ధైర్యం ఒకటి. అలా మూడు నెలలు గడిచిపోయాయి.

కనిపెట్టింది మంగమ్మవ్వ. చెరువు వెనక ఊళ్లో నా దగ్గర సూదులు వేయించుకుంటున్న ముసలావిడ. ఒక రోజు కింద పడ్డ దూదిని వంగి తీయలేక, గొంతుక్కూర్చుని తీశాను. ఆమె నా వీపు మీద చెయ్యి వేసి వెన్నెముకను తడిమింది.

"సిస్టరమ్మా, ఈ బొక్క గిట్ల లేసిందేంది? జర సూపిచ్చుకో బిడ్డా."

తిరుగుదారిలో ఆ మాటే చెవుల్లో మోగింది. ఇంటికి రాగానే మా ఆయన్ను చూడమన్నాను. ఆయన వేలు ఒక చోట ఆగింది.

మర్నాడే వరంగల్ వెళ్లాం. పెద్ద దవాఖానలో ఎక్స్‌రే తీశారు. డాక్టరు ఫిల్మును కిటికీ వెలుగుకు పెట్టి చూపించాడు.

"డీ టెన్, డీ లెవెన్ పూసల మధ్య గ్యాప్ పోయింది చూడండి. రక్తపరీక్షలో ఈఎస్ఆర్ కూడా బాగా ఎక్కువగా ఉంది. ఇది పాట్స్ స్పైన్. వెన్నుపూసకు టీబీ." ఫిల్ము దించి, "మీరు నర్సు కదా, ఇన్నాళ్లు ఏమనుకున్నారు?" అన్నాడు.

"కంకర బాట అనుకున్నాను సార్."

ఆయన నవ్వలేదు. "మందులతో నయమవుతుంది. ఏడాదిన్నర పడుతుంది. కాళ్లు మాత్రం చూసుకుంటూ ఉండండి. వీక్‌నెస్ వచ్చిందంటే ఒక్క రోజు కూడా ఆగకుండా రావాలి" అన్నాడు.

ఛాతీ నుంచి నడుము దాకా ప్లాస్టర్ జాకెట్ వేశారు. వరంగల్‌లోనే, మట్టెవాడలో మా అమ్మ ఇంట్లో చెక్క మంచం మీద పడుకున్నాను. దేవదానం శనివారం వచ్చి సోమవారం తెల్లారి బడికి పోయేవాడు. రోజూ కాంపౌండర్ మల్లేశమన్న వచ్చి సూది వేసేవాడు, మాత్రలు నేనే వేసుకునేదాన్ని. పొద్దున మెలకువ రాగానే, కళ్లు తెరవకముందే, కాలివేళ్లు కదిలించి చూసుకునేదాన్ని. కదిలితేనే ఆ రోజు మొదలయ్యేది.

రెండు నెలలకు ఇంకో భయం పట్టుకుంది. తల తిప్పితే గది తిరుగుతోంది. చెవుల్లో ఈల. అది స్ట్రెప్టోమైసిన్ వల్లేనని నాకు తెలుసు. ఆ సూదులతో ఒంటి తూకం పోయి, గోడ పట్టుకుని నడిచిన మనిషిని నేనే చూశాను. తూకం పోతే సైకిలు లేదు. సైకిలు లేకపోతే ఆ మూడు బాటలు లేవు, నా పని లేదు. డాక్టరుకు చెబితే ఇక సైకిలు మరచిపోండి అంటాడేమోనని చెప్పలేదు.

నాలుగో నెలకు నొప్పి పోయింది, లేచి ఇంట్లో తిరుగుతున్నాను. బరువు పెరిగింది. ఒక రోజు మల్లేశమన్నతో, "డాక్టరు బంద్ చెయ్యమన్నడన్నా, రేపటి సంది రాకు" అని అబద్ధం చెప్పాను. కడుపులో తిప్పుతున్నాయని మాత్రలు కూడా ఆపేశాను. అమ్మ నమ్మింది. దేవదానానికి చెప్పలేదు. ఆరు వారాలు హాయిగా గడిచాయని చెప్పలేను. ప్రతి రోజూ భయపడుతూనే ఆపాను. అయినా ఆపాను.

ఒక పొద్దున వాకిట్లోకి వెళ్లి వెనక్కి చూస్తే కుడి కాలి చెప్పు గడప దగ్గరే ఉంది. ఎప్పుడు ఊడిందో తెలియలేదు. సాయంత్రానికి కాలు బిగుసుకుపోయి ఈడ్చుకుంటూ నడిచాను.

డాక్టరు నా పాదాన్ని పైకి ఒక్కసారి నెట్టి పట్టుకున్నాడు. ఆయన చేతిలో పాదం దానంతట అదే టకటకా కొట్టుకుంది. ఆపుదామంటే నా చేతిలో లేదు. "క్లోనస్" అన్నాడు పక్కనున్న చిన్న డాక్టరుతో. వెన్నులో నరాలు నొక్కుకుపోతే పాదం అలా కొట్టుకుంటుందని నాకు తెలుసు. తర్వాత నా వైపు తిరిగి, "మందులు సరిగ్గా వేసుకుంటున్నారా?" అని అడిగాడు.

కబురు అంది వచ్చిన దేవదానం నా మొహం చూస్తున్నాడు. అంతా చెప్పేశాను.

"కళ్లు తిరుగుతున్నాయని నాకొక్క మాట చెబితే ఆ ఇంజెక్షన్ ఆపి వేరే మందు ఇచ్చేవాణ్ణి. ఎథాంబ్యుటాల్ అని మాత్రలున్నాయి. మీరు అన్నీ ఆపేశారు" అన్నాడు డాక్టరు. గొంతు పెంచలేదు. "అడ్మిట్ చేస్తున్నాం. మూడు వారాలు చూస్తాం. ఇంప్రూవ్‌మెంట్ లేకపోతే ఆపరేషన్."

వార్డులో మంచం మీద పడుకోబెట్టాక దేవదానం నా కాళ్ల మీద దుప్పటి సర్ది, "నాకన్న చెప్పకపోతివి గద కరుణా" అన్నాడు. అంతే.

ఆ మూడు వారాలు నా రెండు కాళ్లనే చూస్తూ గడిపాను. ఎడమ కాలు కూడా బరువెక్కింది. ఆపరేషన్ చేసినా లేస్తానో లేదో ఎవరూ గట్టిగా చెప్పలేదు. దేవదానం ప్రార్థన చేసేవాడు. నేను కళ్లు మూసుకుంటే చెరువు వెనక బాట కనిపించేది, దాని మీద నేను లేకుండా.

రెండో వారంలో మంగమ్మవ్వ వచ్చింది. బస్సెక్కి, కనబడ్డవాళ్లను అడుగుతూ వార్డు వెతుక్కుని వచ్చింది. ఆమె మందు కోర్సు అప్పటికి అయిపోయింది. సంగతంతా విని నా పాదాల దగ్గర కూర్చుంది.

"నాకు సూది ఏస్తందుకు నువ్వు చెరువు పాయలన్ని సుట్టుకుంట అచ్చినవ్. ఒకనాడు నేను అడవిల దాసుకుంటె ఎతికి పట్టుకచ్చి ఏసినవ్. నీకు ఎతికెటోళ్లు ఎవ్వలు లేకపాయెనా?"

"ఉన్నరవ్వా. నేనే దాసుకున్న."

ఆమె తిట్టలేదు. నర్సు మాత్రలు తెచ్చేదాకా ఉండి, నేను మింగడం చూసి వెళ్లింది.

పదిహేడో రోజు డాక్టరు తన బొటనవేలు నా కాలి బొటనవేలికి ఆనించి, "నెట్టండి" అన్నాడు. నెట్టాను. "ఇంకోసారి." నెట్టాను. "కొంచెం పవర్ వచ్చింది. ఇప్పుడే సంతోషపడకండి" అన్నాడు, కానీ ఆయన మొహం తేటపడింది. ఆపరేషన్ అవసరం రాలేదు. కర్రతో నడవడానికి రెండు నెలలు, కర్ర లేకుండా నడవడానికి ఇంకో మూడు. మాత్రలు మాత్రం మళ్లీ మొదటి నుంచి లెక్క, పద్దెనిమిది నెలలు.

కోర్సు అయ్యాక సైకిలు తొక్కవచ్చన్నాడు డాక్టరు, బరువు పెట్టుకోకుండా. కట్ట మీద దేవదానం క్యారియర్ పట్టుకుని వెంట పరుగెత్తాడు, చిన్నపిల్లకు నేర్పినట్టు. కాళ్లు బాగానే తొక్కాయి. తూకమే నిలవలేదు. తల పక్కకు తిప్పి చెరువు చూడబోయి రెండుసార్లు పడ్డాను. ముందు చక్రాన్ని చూడకుండా, ఇరవై గజాల దూరంలో బాట మీద చూపు నిలిపితే సైకిలు నిలుస్తుందని మెల్లగా తెలిసింది. చెరువు చూడాలంటే ఆపి, దిగి చూడాలి. అడవి బాటలో ఆకుల నీడలు కదులుతుంటే కళ్లు తిరిగేవి. ఆ బాట వదులుకున్నాను. ఇప్పుడు అక్కడికి ఇంకో నర్సు వెళ్తోంది.

ఇదంతా జరిగి పదేళ్లు దాటింది. వీపులో ఆ చిన్న గూని అలాగే ఉంది. పొద్దుగూకితే సైకిలు ఎక్కను, చీకట్లో తూకం అసలే ఉండదు. కట్ట బాట, వెనక బాట ఇప్పటికీ నావే. చక్రం రాయెక్కిన ప్రతిసారీ ఒక్క క్షణం ఊపిరి బిగబట్టి నొప్పి కోసం చూస్తాను. రాదు. అయినా చూస్తాను.

ఒక్క మాట చెబుతాను. మందు పడకపోతే దాన్ని మీ అంతట మీరు ఆపకండి. వాంతి కానీ, చెవిలో ఈల కానీ, కళ్లు తిరగడం కానీ, ఏది వస్తే అది ఆ రోజే మందు ఇచ్చేవాళ్లకు చెప్పండి. మందు మార్చవచ్చు. దాచిపెట్టి పోగొట్టుకున్న రోజుల్ని మాత్రం ఏ డాక్టరూ తిరిగి ఇవ్వలేడు.