తొడ కింద పేపర్

ప్రజలు తిరగబడి నియంతను తరిమేస్తే ప్రజాస్వామ్యం నిలుస్తుందా? బెల్లంపల్లి గ్రంథాలయంలో చరిత్ర పుస్తకాలన్నీ నమిలేసినవాణ్ణి కాబట్టి, జవాబు నాకు తెలుసనే అనుకునేవాణ్ణి.

అక్కడ మా నియంత, బొగ్గుబావిలో పనిచేసి రిటైరైన ఒక కాక. ఒక పేజీ చదువుతూ పేపర్‌లోని మిగతా పేజీలన్నీ తొడ కింద పెట్టుకునేవాడు. ఆ రోజు ఏదో దూరదేశపు తిరుగుబాటు మీద వ్యాసం వచ్చింది. డ్యూటీకి పోయేలోపు దాన్ని చదవాలని నా ఆరాటం.

"లే కాకా! పేపర్ నీ జాగీరా?" అని పేపర్ కోసం కాచుకున్న మాలోంచి ఒక దర్జీ లేచాడు. అతని వెనక అందరం ఎగబడ్డాం. కాక అలిగి వెళ్లిపోయాడు. దర్జీ కాక కుర్చీలో కూర్చుని, ఒక పేజీ విప్పి, మిగతావి తన తొడ కిందికి తోశాడు.

"ఇదేందన్నా?" అన్నాను.

"కొట్లాడింది నేను గదా! జర ఆగు."

"కుర్చీల మనిషి మారితే సాలదన్నా, పద్ధతి మారాలె" అంటూ నా పుస్తకజ్ఞానమంతా వినిపించాను. దర్జీ తాపీగా పేజీ తిరగేశాడు. ఇంతలో మరిచిపోయిన కళ్లద్దాల కోసం కాక తిరిగొచ్చి, దర్జీని చూసి ఆగాడు.

"ఏం బిడ్డా, గా తొడ కింద ఏంది? నా ఇద్య నాకే సూపిస్తున్నవా?"

అందరూ పగలబడి నవ్వారు. దర్జీ సిగ్గుపడి పేజీలన్నీ బల్ల మీద పరిచాడు. ఆ పద్ధతి ఇప్పటికీ నడుస్తోంది. కాక మా తొడల మీద కన్నేసి ఉంచుతాడు, మేము ఆయన తొడ మీద.

ఆ వ్యాసం కూడా చదివాను. ప్రజాస్వామ్యం నిలుస్తుందో లేదో వేచి చూడాలని రాసి ముగించారు. రాసినాయన ఒక్కపూట మా గ్రంథాలయానికి వచ్చుంటే బాగుండేది.