చదవకుండా దాటేసిన మాట

2017 మే బదిలీల్లో నన్ను కేతేపల్లి వైపు ఒక పాస్టరేటుకు గురువుగా వేశారు. పాస్టరేటు అంటే ఒకే గురువు కింద ఉండే కొన్ని ఊళ్ల సంఘాలు. నెలకొకసారి ప్రభువు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షారసం పంచే ఆరాధన, నేనే జరిపించాలి. ఎవరినైనా బల్లకు రాకుండా ఆపాలంటే సంఘ కమిటీ తీర్మానం, దాని కింద నా సంతకం కావాలి.

ఆ వానాకాలం కమిటీ అలాంటి తీర్మానమే నా ముందు పెట్టింది. అది మార్తమ్మ బిడ్డ సుజాత గురించి. బాప్తిస్మ రిజిస్టరులో ఆమె పేరు సుందర్‌రావు. పన్నెండేళ్లు పట్నంలో ఉండి, చీరకట్టుతో ఊరికి తిరిగొచ్చి కుట్టుమిషన్ పెట్టుకుంది. తల్లి పక్కన మోకరించి బల్ల తీసుకుంటానని అడిగింది.

సంఘపెద్ద యోహాను, రిటైరైన బడి పంతులు, ఒకటే మాట అన్నాడు: "మన గ్రంథంల గిసుంటోళ్లు యాడున్నరు అయ్యగారూ?"

నేను వాదించలేదు. గడువు అడిగాను.

ఆ ఆదివారం పాఠాల పట్టిక ప్రకారం, ఎడారి దారిలో రథం మీద పోతూ బాప్తిస్మం అడిగిన పరదేశపు అధికారి కథ వచ్చింది. అతడు నపుంసకుడని లేఖనం మళ్లీ మళ్లీ చెబుతుంది. ఆ రోజు పాఠం చదివింది యోహానే. ప్రతిచోటా ఆ మాట వదిలి 'మంత్రి' అని చదివాడు. నాకు కోపం రావాల్సింది, సిగ్గు వచ్చింది. ముప్పై ఏళ్ల ప్రసంగాల్లో నేనూ 'అధికారి' అనే దాటేశాను.

ఆరాధన అయ్యాక కారణం అడిగాను. "గది బజార్ల తిట్టు అయ్యగారూ. ఆడోళ్లు, పిల్లలు ఉంటరు. గుడిల ఎట్ల చదువుత?"

తలుపు దగ్గర చెప్పులేసుకుంటున్న సుజాత విన్నది. "గా తిట్టు నాకు రోజూ వినబడ్తనే ఉంటది పెదనాయినా. ఓసారి దేవుని నోట్లకెల్లి గూడ విననియ్యి."

కమిటీ మళ్లీ కూర్చుంది. మన గ్రంథంలోని ధర్మశాస్త్రం అలాంటివారిని సమాజంలోకి రానివ్వని మాట నిజమేనన్నాను. కానీ వారికి దేవుని మందిరంలో చోటుందని తర్వాత ప్రవక్త పలికాడు. మనం నిషేధాన్ని బోధించాం, వాగ్దానాన్ని మూసిపెట్టాం. మన తాతలను ఊరు గుడి బయటే నిలబెట్టింది. ఆ అలవాటునే మనం లోపలికి తెచ్చుకున్నాం. సంతకం పెట్టనని చెప్పాను.

"మరి మొగోళ్ల వరుసలనా, ఆడోళ్ల వరుసలనా?" అన్నారొకరు.

మార్తమ్మ గుమ్మంలోంచే అందుకుంది. "బల్ల కాడ వంగేటియి మోకాళ్లు. మోకాళ్లకు ఆడా మగా ఏంది నాయినా?"

యోహాను కూడా నవ్వు ఆపుకోలేకపోయాడు.

తర్వాతి బల్ల ఆదివారం అదే పాఠం మళ్లీ చదవమన్నాను. మొదటిసారి ఆ మాట దగ్గర యోహాను ఆగాడు. కళ్లద్దాలు తుడుచుకుని చదివాడు. ఆపై ఎక్కడా తడబడలేదు. సుజాత తల్లి పక్కనే మోకరించింది. రెండు కుటుంబాలు వేరే సంఘానికి వెళ్లిపోయాయి. నేనున్నన్నాళ్లూ తిరిగి రాలేదు.

అప్పటినుంచి పాఠం చదివేవారికి ఒక నియమం పెట్టాను: అచ్చులో ఉన్నది ఉన్నట్టు చదవాలి. లేఖనానికి మాట కలపడం తప్పని వేదాంత కళాశాలలో నేర్చుకున్నాను. మాట తీసేయడమూ అంతే తప్పని ఆ పాస్టరేటులో నేర్చుకున్నాను.