పేరమ్మ వదిన రంగుల ఆకులు

మా వదినతో వేగడమంటే ఏమిటో ఊళ్ళో నాకొక్కదానికే తెలుసు. వదినంటే మా ఆయన సుబ్బు వాళ్ళక్క, పేరమ్మ. మొగుడు పోయాక మా ఇంటికొచ్చి తొమ్మిదేళ్ళయింది. తెల్లవారకముందే లేచి రేవుకు పోతుంది. చేపల గంప నెత్తిన పెట్టుకుని విడవలూరు వీధులన్నీ తిరిగి మధ్యాహ్నానికి ఇల్లు చేరుతుంది. ఒంట్లో బాగాలేదని ఒక్కరోజు పడుకున్నది లేదు. ఇంతవరకు వంక పెట్టడానికేమీ లేదు. వచ్చిన చిక్కల్లా ఇంటి వెనక సందుతోనే.

ఆ సందు మా గోడకూ పక్కింటి మిద్దెగోడకూ మధ్య ఉంది. మిట్టమధ్యాహ్నం ఓ అరగంట ఎండ పడితే పడినట్టు, లేకపోతే లేదు. అక్కడ ఈవిడ మడి కట్టి రంగురంగుల ఆకుల మొక్కలు పెట్టింది. క్రోటన్లు, ఎర్రచారల చేమాకులు, వంగపండు రంగు ఆకుకు పచ్చంచు ఉండే మొక్కలు. చేపలమ్మే ప్రతి ఇంట్లోనూ ఓ కొమ్మ అడిగి గంపలో వేసుకొస్తుంది. మా బోరు నీళ్ళు ఉప్పు, పోస్తే ఆకుల అంచులు మాడిపోతాయి. అందుకని వీధి చివరి కొళాయి నుంచి రోజూ రెండు బిందెల మంచినీళ్ళు ఆ సందుకే. మోసేది నేను. గంప మోసి మెడ పట్టేసిందంటుంది మరి.

పూల మొక్కలైతే మోసినా బాధ లేదు. దేవుడికి పెట్టుకోవచ్చు, తల్లో పెట్టుకోవచ్చు. ఈ ఆకులు దేనికి? పోయిన ఏడాది విసుగెత్తి సగం మొక్కలు పీకేసి కనకాంబరం నారు పెట్టాను. అవి వెలుతురు కోసం సన్నగా సాగి గోడకు ఆనుకున్నాయే తప్ప, మూడు నెలల్లో మూరెడు దండకు సరిపడా పూలివ్వలేదు. నేను పుట్టింటికి పోయి వచ్చేసరికి వాటి చోట మళ్ళీ క్రోటన్లు. వదిన ఏమీ ఎరగనట్టు చేపలు కడుగుతూ కూర్చుంది.

మొన్న ఇక నా వల్ల కాలేదు. బిందె దించి అనేశాను.

"వదినా, రేపట్నించి నీళ్ళు నేను మొయ్యను. ఒక్క పూవన్నా పుయ్యని మొక్కలకు ఇంత చాకిరీ ఏంది?"

"పూస్తే మాత్రం నాకేందిమే," అంది వదిన, తలెత్తకుండానే. "కోసేది నేను, కట్టేది నేను, పెట్టుకునేది మీరు. ఈ ఆకుల్నయితే నువ్వు పెట్టుకోబాక అని ఎవురూ అనరు. ఎవురూ పెట్టుకోరు గదా."

అని, ఒక ఎండుటాకు తుంచి పక్కన పడేసింది. ఆ గొంతులో నిష్ఠూరం కూడా లేదు.

మా తోడికోడలి శ్రీమంతం గుర్తొచ్చింది. ఆ రోజు పొద్దున్నుంచి కూర్చుని బుట్టెడు మల్లెలు కట్టింది వదినే. ముత్తైదువులు రాగానే పూలపళ్ళెం నా చేతికిచ్చి లోపలికి పోయింది. నేను మూర మూర తుంచి అందరికీ పంచాను. తొందరలో మరిచిపోయి కాదు, అది మామూలేననుకుని, ఆమె పోయిన వైపు చూడను కూడా లేదు.

ఒళ్ళు మండింది, ఈసారి నామీదే. ఇన్నేళ్ళూ ఆ ఆకులు దేనికని ఆమెను సాధించాను. వదినా, నీకు పూలంటే ఇష్టమా అని మాత్రం ఒక్కసారీ అడగలేదు.